దగ్గరి స్పీకరు కొంచెం ఆగాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చుని ముచ్చట్లు పెడుతున్న మా 1988 పదో తరగతి బ్యాచ్‌కు ప్రత్యేకంగా నమస్కారం.

మాట్లాడమని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ఈ వేదిక మీద డాక్టర్లు మాట్లాడారు, ఇంజనీర్లు మాట్లాడారు, తహసీల్దార్లు మాట్లాడారు. నేను కోరుట్లలో కార్లకు స్టీరియోలు బిగించే మనిషిని. పదో తరగతి లెక్కలు రెండోసారి రాసి గట్టెక్కినవాణ్ని. "నేనేం మాట్లాడాలె సార్?" అంటే, "నీకు తెలిసింది మాట్లాడు" అన్నారు. నాకు తెలిసింది ఒకటే. డ్రైవరు సీటులో కూర్చున్న మనిషికి పాట ఎదురుగా నిలబడి పాడినట్టు ఎట్లా వినిపించాలన్నది. పాతికేళ్ల నుంచి ఆ పనే చేస్తున్నాను. అందులో కొన్నేళ్లు తప్పుగా చేశాను. ఆ తప్పు సంగతి, దాన్ని దిద్దుకున్న సంగతి మీకు చెబుతాను. ఎందుకంటే దిద్దుకునే దారి నాకు ఈ బడి మైదానంలోనే దొరికింది.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచెల మీద పనిచేసేవాడు, అవ్వ బీడీలు చేసేది. సాంచెల షెడ్డులో పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. పొద్దంతా అక్కడ నిలబడి వచ్చిన బాపు ఇంట్లో కూడా అట్లాగే అరిచి మాట్లాడేవాడు. లోకంలో తండ్రులందరూ అట్లాగే మాట్లాడతారని అనుకునేవాణ్ని. చదువు కోసం నన్ను జగిత్యాలలో మా మేనమామ ఇంట్లో ఉంచారు. ఆయన మెల్లగా మాట్లాడుతుంటే మొదట్లో, మామకు పానం బాగలేదేమో అనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో సైన్స్ సారు ధ్వని పాఠం చెబుతూ ఒక రోజు మమ్మల్ని మైదానంలోకి తీసుకుపోయారు. ప్రార్థనకు వాడే మైకు సెట్టు గుర్తుంది కదా? దాని గొట్టాలు రెండింటిని వరండాకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టించారు. నా కళ్లకు తువ్వాల కట్టి, రెండింటికీ సరిగ్గా నడుమ నిలబెట్టారు. ఒకడు మైకులో ఎక్కం చదువుతున్నాడు. "ఆవాజు ఎటు నుంచి వస్తందో చెయ్యి చూపించు" అన్నారు సారు. నేను ఎదురుగా, నడుమ చూపించాను. అక్కడ గోడ తప్ప ఏమీ లేదని పిల్లలు నవ్వారు. తర్వాత నన్ను నాలుగడుగులు కుడి వైపు జరిపారు. "ఇప్పుడు?" అన్నారు. "కుడి గొట్టం నుంచి వస్తంది సార్. ఎడమది బంద్ అయింది" అన్నాను. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. తువ్వాల విప్పి చూస్తే ఎడమ గొట్టం ఎప్పటిలాగే మోగుతోంది.

సారు అప్పుడొక ప్రశ్న వేశారు. "వీడు ఇక్కడి నుంచి జరగొద్దు. ఆవాజు మాత్రం మళ్లీ నడుమ నుంచి వచ్చినట్టు వినిపించాలె. ఏం చేస్తరు?" కుడి గొట్టం ఆవాజు తగ్గించాలని ఒకడన్నాడు. "కొంత నయమే గాని సరిపోదు" అన్నారు. వెనక నుంచి ఒక అమ్మాయి లేచి, "కుడి గొట్టాన్ని దూరం జరపాలె సార్" అన్నది. సారు మెచ్చుకుని, "మరి జరిపే జాగ లేకపోతే?" అన్నారు. ఇంతలో బెల్లు మోగింది. "ఇంటికి పోయి ఆలోచించి రాండ్రి" అన్నారు. నేను ఇంటికి పోయి ఆలోచించలేదు. గోలీలాడుకున్నాను.

బడి తర్వాత కథ చిన్నది. రేడియోలు, టేపు రికార్డర్లు బాగు చేసే పని నేర్చుకున్నాను. ఆ రోజుల్లో మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయిన వాళ్లు సెలవు మీద వచ్చేటప్పుడు భుజాన టూ-ఇన్-వన్ వేసుకుని వచ్చేవాళ్లు. వాటి మీదనే చెయ్యి తిరిగింది. తర్వాత వాటి కాలం పోయి కార్ల కాలం వచ్చింది. కోరుట్లలో చిన్న షట్టరు తీసుకుని కారు స్టీరియోల దుకాణం పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. స్టీరియో అంటే రెండు దిక్కులా రెండు స్పీకర్లు ఉండటం అని చాలామంది అనుకుంటారు. ఆ రెండింటి నడుమ ఏమీ లేని చోట ఒక మనిషి నిలబడి పాడుతున్నట్టు చెవిని నమ్మించడమే స్టీరియో పని. 1931లో లండన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ దీని మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. సినిమాకు పోతే తెర మీద మనిషి ఒక దిక్కు, మాట ఇంకో దిక్కు ఉండటం చూసి ఆయనకు ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. మన తెలుగులో 1986లో కృష్ణ గారి 'సింహాసనం' 70 ఎం.ఎం. తెరతో, ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది. హైదరాబాద్ పోయి చూసొచ్చిన మా మేనమామ, గుర్రాలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరికినాయని నెల రోజులు చెప్పాడు.

సినిమా హాలులో ఒక సౌకర్యం ఉంది. తెర వెనక నడుమ ఇంకో స్పీకరు ఉంటుంది. మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి. అందుకే మూల కుర్చీలో కూర్చున్నా హీరో మాట తెర మీది నుంచే వినిపిస్తుంది. మన మామూలు కార్లలో ఆ నడిమి స్పీకరు ఉండదు. పైగా డ్రైవరు నడుమ కూర్చోడు. మన దేశంలో స్టీరింగు కుడి పక్కన. అంటే డ్రైవరు ఎప్పుడూ కుడి తలుపు స్పీకరును ఆనుకునే కూర్చుంటాడు. తొమ్మిదో తరగతిలో నన్ను జరిపి నిలబెట్టిన చోటు అదే.

కొలిచి చెబుతాను. ఒక మామూలు చిన్న కారులో డ్రైవరు తల నుంచి కుడి తలుపు స్పీకరుకు 85 సెంటీమీటర్లు, ఎడమ తలుపు స్పీకరుకు 135 సెంటీమీటర్లు అనుకోండి. తేడా 50. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే సెకనులో వెయ్యో వంతులో, దాన్నే మిల్లీసెకను అంటారు, 34 సెంటీమీటర్లు. కాబట్టి కుడి స్పీకరు పాట ఎడమ స్పీకరు పాట కన్నా దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ముందు చెవిలో పడుతుంది.

ఇంత చిన్న తేడా ఎవడికి తెలుస్తుందని మీరు అనవచ్చు. ఆలస్యమైందని మనకు తెలియదు. మెదడుకు తెలుస్తుంది. 1949లో జర్మనీలోని గోట్టింగెన్ విశ్వవిద్యాలయంలో హెల్ముట్ హాస్ అనే ఆయన దీని మీద పరిశోధన చేశాడు. ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి కొద్ది తేడాతో వస్తే, మెదడు రెండింటినీ కలిపి ఒకటే అనుకుంటుంది. దిక్కు మాత్రం ముందు వచ్చినదాని ప్రకారమే తేల్చుకుంటుంది. మైదానంలో నాకు ఎడమ గొట్టం బంద్ అయినట్టు అనిపించింది అందుకే. నేను తొమ్మిదో తరగతిలో చూసినదానికి పేరు హాస్ ఎఫెక్టు అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇక నా తప్పు. మా బ్యాచ్‌లో నాకు దగ్గరి దోస్తు ఒకడున్నాడు. ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను, నవ్వుతున్నవాణ్ని చూస్తే మీకే తెలుస్తుంది. కోరుట్లలో సొంత కారు నడుపుతాడు. గల్ఫ్ పోయేవాళ్లను కథలాపూర్, రుద్రంగి, వేములవాడ, సిరిసిల్ల మీదుగా రాత్రికి రాత్రి శంషాబాద్ విమానాశ్రయంలో దింపి, తెల్లవారుజామున ఒక్కడే తిరిగి వస్తాడు. వచ్చేటప్పుడు పాటలే వాడికి తోడు. వాడి కారుకు స్టీరియో నేనే బిగించాను. వారం రోజులకు వచ్చి, "ఏందిరా, పాటంతా కుడి దిక్కే మోగుతంది. ఎడమ దిక్కు ఉన్నట్టే లేదు" అన్నాడు. నేను వాడి సీటులో కూర్చుని విన్నాను. నాకు నడుమ నుంచే వినిపించింది. "బాగనే ఉందిరా" అని పంపించేశాను.

నెల తర్వాత మళ్లీ వచ్చాడు. ఎడమ స్పీకరు పోయిందేమోనని కొత్త జత వేసి 4,500 రూపాయలు తీసుకున్నాను. దోస్తని మజూరీ మాత్రం తీసుకోలేదు. దాన్నే పెద్ద ఉపకారం అనుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు వాడి కారుకు కుడి పక్క అద్దం లేదు. ఎడమ స్పీకరు వినబడక ఆవాజు పెంచుకుంటూ పోయాడట. రుద్రంగి దాటినాక వెనక నుంచి లారీ హారన్ కొడుతుంటే వినబడలేదట. లారీ రాసుకుంటూ పోయింది. కారులో గల్ఫ్ పోయే పిల్లలు ముగ్గురు ఉన్నారు. దేవుడి దయ వల్ల అద్దంతోనే పోయింది. వాడు కోపంగా అడిగితే, నేను ఇంకా కోపంగా, "స్పీకర్లు మంచిగనే ఉన్నయి, పొయ్యి నీ చెవి చూపించుకో" అన్నాను. ఆ మాట అన్నాక వాడు రెండేళ్లు నా దుకాణం మెట్లెక్కలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడినా తల తిప్పుకుని పోయేవాడు.

నిరుడు మా అమ్మాయి కారు నేర్చుకుంటోంది. మొదటిసారి డ్రైవరు సీటులో కూర్చుని, పాట పెట్టి, "డాడీ, పాట మొత్తం నా మోకాలి దగ్గర నుంచే వస్తుందేంటి?" అన్నది. ఆ కారు నా సొంత కారు. నేను చాలా శ్రద్ధగా, నా చెవితో సరి చేసుకున్న కారు. ఆమె దిగితే నేను కూర్చున్నాను. నాకు నడుమే. మళ్లీ ఆమె కూర్చుంది. ఆమెకు మోకాలి దగ్గరే. అప్పుడు నా కడుపులో ఏదో కదిలినట్టు అయింది. దోస్తు మాట గుర్తొచ్చింది.

ఆ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫోనులో వార్తలు విన్నాను. వార్తలు చదివే మనిషి తలకు సరిగ్గా నడుమ వినిపించాలి. నాకు ఎడమకు జరిగి వినిపించింది. హెడ్‌ఫోన్‌లో తేడా ఉందేమోనని కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి పెట్టుకున్నాను. లోపం హెడ్‌ఫోన్‌లో ఉంటే గొంతు అటు నుంచి ఇటు రావాలి. రాలేదు. అప్పుడు కూడా ఎడమకే ఉంది. అంటే లోపం నా కుడి చెవిలో ఉంది.

కరీంనగర్ పోయి చెవి డాక్టరుకు చూపించుకున్నాను. గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, కాగితం మీద గీత చూపించారు. కుడి చెవి గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడ్డట్టు కిందికి దిగింది. పెద్ద చప్పుళ్ల వల్ల వచ్చే చెవుడు ముందుగా ఆ చుట్టుపక్కలే కనబడుతుందని చెప్పారు. "మీరేం పని చేస్తారు?" అన్నారు. చెప్పాను. యాంప్లిఫయరు పరీక్ష చేసేటప్పుడు కుడి చెవి స్పీకరుకు ఆనించి వినడం నా పాత అలవాటు. పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నారు.

తిరుగు బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. డ్రైవరు సీటులో పాట కుడికి ఒరగడం సహజం. నా కుడి చెవి మందం కాబట్టి ఆ ఒరుగుడు నాకు తెలియడం లేదు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసింది. వచ్చినవాళ్లందరికీ "బాగనే ఉంది, మీ భ్రమ" అని చెప్పి పంపాను. ఎంతమందికో తెలియదు. మా బాపు రెండు చెవులూ సాంచెలకు ఇచ్చేశాడు. ఆయనకు ఆ సంగతి తెలుసు, ఎదుటివాణ్ని "గట్టిగ చెప్పు బిడ్డా" అని అడిగేవాడు. నేను నా చెవి సంగతి తెలియక ఎదుటివాడి చెవిని తప్పుపట్టాను.

మర్నాటి నుంచి చెవిని నమ్మడం మానేసి టేపు పట్టాను. దర్జీలు వాడే కొలత టేపు. అప్పుడే సారు ప్రశ్న గుర్తొచ్చింది. "జరిపే జాగ లేకపోతే?" కారు తలుపులో ఉన్న స్పీకరును ఎక్కడికి జరుపుతాం? జరపలేం. కాని ఇప్పటి మంచి స్టీరియోల్లో టైమ్ అలైన్‌మెంట్ అనే ఏర్పాటు ఉంటుంది. స్టీరియోలో లేకపోతే డీఎస్పీ అనే చిన్న పెట్టె విడిగా పెట్టుకోవచ్చు. ఏ స్పీకరును ఎన్ని మిల్లీసెకన్లు ఆపాలో దానికి చెప్పవచ్చు. కుడి స్పీకరును ఒకటిన్నర మిల్లీసెకను ఆపితే, అది 50 సెంటీమీటర్లు దూరం జరిగినట్టే. అప్పుడు కుడి పాట, ఎడమ పాట ఒకేసారి చెవికి చేరతాయి. గాయకుడు మోకాలి దగ్గర నుంచి లేచి డ్యాష్‌బోర్డు మీదికి వస్తాడు.

టేపు, లాప్‌టాప్ పట్టుకుని నేనే దోస్తు ఇంటికి పోయాను. "నీ చెవి మంచిగనే ఉందిరా. చెడిపోయింది నాది" అన్నాను. డాక్టరు ఇచ్చిన కాగితం చూపించాను. వాడు ఏమీ అనలేదు, కారు తాళం చెవి ఇచ్చాడు. గంటన్నర పట్టింది. వాణ్ని సీటులో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని సుశీలమ్మ పాత పాట ఒకటి పెట్టాను. కొంచెంసేపు విని, కళ్లు మూసుకునే చెయ్యెత్తి అద్దం దిక్కు చూపించి, "గీడ నిలబడ్డదిరా" అన్నాడు. 4,500 రూపాయలు తిరిగి ఇస్తే, వద్దంటాడేమో అనుకున్నాను. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "మరి అద్దం పైసలు?" అన్నాడు. అవీ ఇచ్చాను. తర్వాత చాయ్ తాగాం.

మీలో చాలామందికి కార్లున్నాయి కాబట్టి ఇంటికి పోయాక ఏం చేసుకోవాలో చెబుతాను. ఇదంతా కారు ఆపి, చేసుకోవాల్సిన పని. నడుపుతూ మీటలు తిప్పవద్దు.

మొదట సీటు మీరు రోజూ పెట్టుకునే చోట పెట్టుకోండి. స్టీరియోకు చెయ్యి పెట్టే ముందు ఫోను చూడండి. చాలా ఫోన్లలో వినికిడి సెట్టింగుల్లో మోనో అనే మీట, కుడి ఎడమల బ్యాలెన్స్ గీత ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఎప్పుడో జరిపేసి ఉంటారు. మోనో ఆపి, గీత నడుమకు తేవాలి. స్టీరియోలో బాసు, ట్రెబుల్, బ్యాలెన్స్, ఫేడరు అన్నీ సున్నా చేయండి.

రెండోది, వైర్లు. స్పీకరుకు ప్లస్, మైనస్ ఉంటాయి. ఒక తలుపులో అవి తారుమారైతే ఒక స్పీకరు ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి గుంజుతుంది. బాసు చచ్చిపోతుంది, గొంతు ఎక్కడుందో తెలియకుండా చెదిరిపోతుంది. అట్లా ఉంటే ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు. స్టీరియో నుంచి వైర్లు విప్పి, మామూలు ఒకటిన్నర వోల్టుల సెల్లును స్పీకరు వైర్లకు ఒక్క క్షణం ఆనిస్తే పరదా ఎటు కదిలిందో కనబడుతుంది. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలితే ముందుకు రావాలి. ట్వీటరుకు మాత్రం ఇట్లా సెల్లు పెట్టవద్దు, దాని వైరు రంగు చూసుకుంటే చాలు.

మూడోది, తలుపు. స్పీకరు వెనక తలుపు రేకు ఖాళీ డబ్బాలాంటిది. లోపల పెద్ద రంధ్రాలుంటే ముందు ఆవాజు, వెనక ఆవాజు కలిసి ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. రంధ్రాలు మూసి, రేకుకు డ్యాంపింగ్ షీటు అంటించి, ఊగే క్లిప్పులు మారిస్తే కొత్త స్పీకర్లు కొన్నంత తేడా వస్తుంది. ఇది చౌక పని. కాని మా వ్యాపారంలో ఎవరూ ముందు చెప్పరు.

నాలుగోది, టేపు. మీ తల ఉండే చోటు నుంచి ప్రతి స్పీకరుకు ఎంత దూరమో కొలిచి రాసుకోండి. అన్నిటికన్నా దూరంగా ఉన్నదానికి సున్నా. మిగిలిన వాటికి, దానికన్నా ఎన్ని సెంటీమీటర్లు దగ్గరో చూసి 34తో భాగించండి. వచ్చినదే ఆపాల్సిన మిల్లీసెకన్లు. నేను చెప్పిన కారులో ఎడమ స్పీకరుకు సున్నా, కుడి స్పీకరుకు 50ని 34తో భాగిస్తే 1.5. డిక్కీలో ఊఫరు ఉంటే అదే అందరికన్నా దూరం, లెక్క దాని నుంచి మొదలు పెట్టాలి. మన ఎండాకాలంలో 45 డిగ్రీలకు ధ్వని కొంచెం వేగంగా పోతుంది గాని, ఈ లెక్కలో తేడా మిల్లీసెకనులో పదో వంతు కూడా రాదు. కాలానికోసారి మార్చనక్కర లేదు.

ఐదోది, ఆవాజు. కాలం సరి చేశాక కూడా దగ్గరి స్పీకరు కొంచెం గట్టిగా వినిపిస్తుంది. బయట మైదానంలో అయితే 85కు, 135కు తేడా 4 డెసిబెల్స్ వస్తుంది. కారులో అద్దాలకు తగిలి తిరుగుతుంది కాబట్టి అంత ఉండదు. కుడి దిక్కు ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే చాలు. వెనక స్పీకర్లను వినీ వినబడనట్టు తగ్గించండి. పాడే మనిషి ఎదురుగా ఉండాలి గాని వీపు వెనక ఉండకూడదు.

టైమ్ అలైన్‌మెంట్ లేని స్టీరియో అయితే బ్యాలెన్స్‌ను ఎడమకు రెండు మూడు మెట్లు, ఫేడరును ముందుకు జరపండి. చిన్న ట్వీటర్లు విడిగా ఉంటే కుడి ట్వీటరు ముఖం మీ మొహం మీదికి కాకుండా ఎడమ సీటు వైపు తిప్పండి. పూర్తిగా సరికాదు, కాని సగం నయం. మైదానంలో "ఆవాజు తగ్గించాలె" అన్న మా వాడి జవాబు ఇదే.

ఇక పరీక్ష. ఘంటసాల గారివి, సుశీలమ్మవి 1960ల నాటి పాటలు మోనోలో రికార్డయినవి. అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే ఆవాజు. ఆ గొంతు గీత గీసినట్టు నడుమ ఒకే చోట నిలబడితే మీ పని సరిగ్గా కుదిరినట్టు. తర్వాత స్టీరియోలో వచ్చిన కొత్త పాట పెట్టి, వాయిద్యాలు ఈ మూల నుంచి ఆ మూలకు పరుచుకున్నాయో లేదో చూడండి. ఎఫ్‌ఎం పెట్టి పరీక్ష చేయవద్దు. సిగ్నలు బలహీనపడినప్పుడు గరగర వినబడకుండా రేడియో తనంతట తానే స్టీరియోను మోనోలోకి దించేస్తుంది. ఊరు దాటగానే స్టీరియో పోయిందని స్పీకర్లను తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఒక్క సంగతి నిజాయితీగా చెప్పాలి. డ్రైవరుకు సరి చేస్తే పక్క సీటులో ఉన్నవాళ్లకు చెడిపోతుంది. పాట వాళ్ల ఎడమ మోకాలి దగ్గరికి పోతుంది. అందుకే ఒక్కడు పోయేటప్పుడు ఒక సెట్టింగు, ఇంటిల్లిపాదీ పోయేటప్పుడు ఇంకో సెట్టింగు దాచి పెట్టుకోవాలి. మా ఇంటామె ఈ రెండో సెట్టింగు పెట్టిన తర్వాతే నా కారులో మళ్లీ కొండగట్టుకు వచ్చింది.

చివరగా చెవుల సంగతి. ఇది పాట కన్నా ముఖ్యం. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకు 8 గంటలు మించి వినవద్దని అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం అవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు. 100 దగ్గర పావుగంటే. మా సాంచెల షెడ్లలో 90 దాటడం మామూలు. బరాతుల్లో డీజే పెట్టెల ముందు నిలబడి ఎగిరే పిల్లలకు లెక్క మీరే వేయండి. సాంచెల మీద పనిచేసేవాళ్లు ఇంట్లో ఉంటే చెవిలో పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులు తెచ్చివ్వండి, వెల ఎక్కువ కాదు. నలభై దాటినవాళ్లు ఒక్కసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. కళ్లు మసకబారితే మనకే తెలుస్తుంది. చెవి మందగిస్తే ఎదుటివాడు సరిగ్గా మాట్లాడటం లేదని అనిపిస్తుంది. నాకు అట్లాగే అనిపించింది. ఒక దోస్తును రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు నా దుకాణంలో చివరి పరీక్ష నేను చేయను. టేపు చేస్తుంది, తర్వాత మా దుకాణంలో పనిచేసే పిల్లగాడు చేస్తాడు, ఆఖరున కారు యజమాని చేస్తాడు. ఆయన సీటులో ఆయన కూర్చుని, ఆయన చెవితో విని, నడుమ ఉందంటేనే నడుమ ఉన్నట్టు. ఈ సభ సాక్షిగా ఒక మాట ఇస్తున్నాను. నా దగ్గర స్టీరియో బిగించుకున్న మన బడివాళ్లు ఎవరైనా ఉంటే ఎప్పుడైనా రండి. పైసా తీసుకోకుండా మళ్లీ కొలిచి సరి చేసి ఇస్తాను.

మైదానంలో లేచి జవాబు చెప్పిన అమ్మాయి ఇప్పుడు లెక్కల టీచరు. మూడో వరుసలో కూర్చుంది. అక్కడికి సగం జవాబు ఆమెదే. మిగతా సగం నేను చెబుతాను. సైన్స్ సారు కూడా ముందు వరుసలోనే ఉన్నారు.

సార్, ఆ రోజు మీరు అడిగారు, జరిపే జాగ లేకపోతే ఏం చేస్తరని. జాగ లేకపోతే దాన్ని అక్కడే ఉంచాలి సార్. దగ్గరున్నది కొంచెం ఆగి, దూరం నుంచి వచ్చేదానితో కలిసి పాడాలి. మీరు ఇంటికి పోయి ఆలోచించి రమ్మన్నారు. ముప్పై ఏళ్లు దాటింది. ఆలస్యమైనందుకు క్షమించండి.